వాటా ఇస్తామంటూ కార్మికుడి జేబు తడమకండి

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా, బల్లార్‌పూర్, ఘుగ్గుస్ బొగ్గు కాలనీల్లో పెరిగిన పిల్లలు ఇప్పుడు హైదరాబాద్, పుణే, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ల తాతలు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వర్ధా నది ఒడ్డుకి బాయి (బొగ్గు గని) పనికొచ్చినవాళ్లు. కొందరు ఎక్కడి నుంచీ రాలేదు, ముందు నుంచీ ఇక్కడే ఉన్నారు, ఎందుకంటే 1956 దాకా రాజురా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. నేను ఈ చుట్టుపక్కల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల పని చూస్తాను కాబట్టి ఈ పిల్లల ఆఫర్ లెటర్లు, ఫారం 16లు నా టేబుల్ మీదికి వస్తాయి. ఈమధ్య వాటిలో జీతం పక్కనే ఇంకో అంకె కనిపిస్తోంది. ఈసాప్, అంటే ఎంప్లాయీ స్టాక్ ఆప్షన్ ప్లాన్. కంపెనీలో వాటా ఇస్తామన్న మాట.

దీని గురించి నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. వాటాదారు కావడానికి ఉద్యోగి ముందు తన జేబులోంచి డబ్బు తీయాల్సివస్తే, ఆ వాటాను ఎప్పుడు, ఎవరికి అమ్ముకోవచ్చో ఎవరూ చెప్పలేకపోతే, దాన్ని జీతంలో భాగంగా లెక్కగట్టి చూపడం అన్యాయం. ఉద్యోగులకు వాటా ఉండాలన్న ఆలోచనను మాత్రం నేను మనసారా సమర్థిస్తాను. అందుకే మనదేశంలో అది నడుస్తున్న తీరు చూస్తే నాకు కోపం వస్తుంది.

గడ్‌చాందూర్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "కాకా, జీతం పన్నెండు ముప్పావు, ఈసాప్ ఇంకో పద్దెనిమిది లక్షలట. రెండూ కలిపి ముప్ఫై దాటింది గదా, బ్యాంకు లోనుకు అదే చూపియ్యాల్నా?" అని అడిగింది. "బిడ్డా, ఆ పద్దెనిమిది ఇంకా నీ చేతిల లేదు" అన్నాను. ఆమెకు చెప్పిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆఫర్ లెటర్లో ఈ లెక్క ఎవరూ రాయరు.

కంపెనీ మొదట ఇచ్చేది షేరు కాదు. భవిష్యత్తులో ఒక నిర్ణీత ధరకు షేరు కొనుక్కునే హక్కు మాత్రమే, దాన్నే ఆప్షన్ అంటారు. ఇచ్చిన రోజును గ్రాంట్ అంటారు. కంపెనీల చట్టం 2013 కింద వచ్చిన నిబంధనల ప్రకారం గ్రాంట్‌కీ, ఆ హక్కు చేతికొచ్చే వెస్టింగ్‌కీ మధ్య కనీసం ఒక ఏడాది గడవాలి. చాలా కంపెనీలు దాన్ని నాలుగేళ్లకు పరుస్తాయి, ఏడాదికి పావు వంతు చొప్పున. వెస్ట్ అయ్యాక కూడా ఉద్యోగి డబ్బు కట్టి షేర్లు తీసుకోవాలి, అది ఎక్సర్‌సైజ్. అప్పటిదాకా డివిడెండ్ లేదు, ఓటు లేదు. మధ్యలో మానేస్తే వెస్ట్ కానివి రద్దయిపోతాయి, అయినవాటికి కంపెనీ పథకంలో రాసిన గడువే గతి. ఆ గడువు చాలాచోట్ల మూడు నెలలు. ఉద్యోగి చనిపోతే మాత్రం మొత్తం ఆప్షన్లు వారసులకు వెస్ట్ అవుతాయి. ఈ నిబంధన బాగుంది, దాని గురించి తెలిసిన కుటుంబాలు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు.

ఇప్పుడు లెక్క. ఆమెకు 4,000 ఆప్షన్లు ఉన్నాయనుకుందాం, కొనుగోలు ధర షేరుకు 50 రూపాయలు. ఆమె ఎక్సర్‌సైజ్ చేసిన రోజున మర్చెంట్ బ్యాంకర్ కట్టిన విలువ 450. తేడా 400. నాలుగు వేల షేర్లకు 16 లక్షలు. ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో ఇది ఆమెకు ఆ ఏడాది వచ్చిన జీతమే. ఒక్క షేరు అమ్మకపోయినా సరే. 2025 బడ్జెట్ తెచ్చిన కొత్త స్లాబుల్లో 12 లక్షల 75 వేల జీతానికి పన్ను సున్నా. అదే జీతానికి ఈ 16 లక్షలు కలిస్తే, స్టాండర్డ్ డిడక్షన్ పోను 28 లక్షల ఆదాయం అవుతుంది. పన్ను 4 లక్షల 20 వేలు, సెస్సుతో 4,36,800. షేర్లు కొనడానికి కంపెనీకి కట్టేది ఇంకో 2 లక్షలు. మొత్తం 6,36,800 రూపాయలు ఆమె చేతి నుంచి పోతాయి. చేతిలోకి వచ్చేది డీమ్యాట్ ఖాతాలో ఒక ఎంట్రీ.

అది అమ్ముకోవచ్చు కదా అంటారు. ఎవరికి అమ్మాలి? ప్రైవేటు కంపెనీ నిర్వచనంలోనే షేర్ల బదిలీ మీద ఆంక్ష ఉండాలని చట్టం చెబుతుంది. కంపెనీ ఒప్పుకుంటేనే, కొనేవాడు దొరికితేనే. రెండేళ్ల తర్వాత ఆ షేరు విలువ 100 రూపాయలకు పడిపోయి, ఎలాగోలా అమ్మేసిందనుకోండి. 14 లక్షల నష్టం. అది ఆస్తి అమ్మితే వచ్చే మూలధన నష్టం కాబట్టి జీతం మీద కట్టిన పన్నులోంచి తిరిగి రాదు. ఎనిమిదేళ్లు మోసుకెళ్లి ఏదైనా మూలధన లాభం వస్తే అందులో సర్దుకోవాలి. గడ్‌చాందూర్ అమ్మాయికి మూలధన లాభాలు ఎక్కడి నుంచి వస్తాయి?

2020 బడ్జెట్‌లో దీనికి కొంత ఉపశమనం ఇచ్చారు. అర్హత ఉన్న స్టార్టప్‌ల ఉద్యోగులకు ఆ పన్ను కొన్నేళ్లు వాయిదా పడుతుంది, లేదా షేర్లు అమ్మేదాకా, లేదా ఉద్యోగం మానేదాకా, ఏది ముందైతే అది. అర్హత అంటే మంత్రిత్వ శాఖల మధ్య ఏర్పాటైన బోర్డు సర్టిఫికెట్. స్టార్టప్‌గా గుర్తింపు పొందినవాటిలో ఆ సర్టిఫికెట్ ఉన్నవి కొద్ది భాగమే. పైగా మానేసిన రోజున పన్ను మీద పడుతుందంటే ఉద్యోగిని కుర్చీకి కట్టేసినట్టే.

ఈసాప్‌తో బాగుపడినవాళ్లు లేరని నేననను. 1994లో ఇన్ఫోసిస్ మొదలుపెట్టిన పథకం వేలమంది మధ్యతరగతి కుటుంబాలను నిలబెట్టింది. ఫ్లిప్‌కార్ట్ కొన్ని విడతలు తన ఉద్యోగుల ఆప్షన్లను డబ్బిచ్చి తిరిగి తీసుకుంది. జొమాటో 2021లో మార్కెట్‌కి వచ్చినప్పుడు ఉద్యోగుల కాగితాలకు ధర పలికింది. ఈ మూడింటిలో ఉమ్మడిగా ఉన్నది ఒకటే, చివర్లో కొనేవాడు ఉన్నాడు. 2022లో 22 బిలియన్ డాలర్ల విలువ కట్టించుకున్న బైజూస్ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దివాలాలో ముందు అప్పులవాళ్లు, ఆ తర్వాతే షేరుదారులు. అక్కడ ఆప్షన్లు పట్టుకున్న ఉద్యోగికి మిగిలేది ఏముంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఉద్యోగుల వాటా పథకానికి అసలు రూపం ఇది కాదు. అమెరికాలో లూయీ కెల్సో అనే లాయరు 1956లో దాన్ని మొదటిసారి ఆచరణలో పెట్టాడు. కాలిఫోర్నియాలో పెనిన్సులా న్యూస్‌పేపర్స్ అనే పత్రికల సంస్థ యజమానులు వయసు మళ్లి కంపెనీని అమ్మాలనుకున్నారు. ఉద్యోగులకు కొనాలని ఉంది, డబ్బు లేదు. కెల్సో వాదన సూటిగా ఉంటుంది. డబ్బున్నవాడు ఫ్యాక్టరీ కొనేటప్పుడు తన సొంత డబ్బంతా పెడతాడా? అప్పు తెస్తాడు, ఆ ఫ్యాక్టరీ సంపాదనతోనే అప్పు తీరుస్తాడు. అదే దారి కార్మికుడికి ఎందుకు ఉండకూడదు?

అందుకని ఒక ట్రస్టు పెట్టారు. 1974లో అమెరికా పదవీ విరమణ చట్టం, సెనేటర్ రస్సెల్ లాంగ్ పట్టుదలతో, ఈ ఏర్పాటుకు చట్టబద్ధత ఇచ్చింది. ట్రస్టు అప్పు తెచ్చి షేర్లు కొంటుంది. కంపెనీ ఏటా ట్రస్టుకు డబ్బు ఇస్తుంది, దానికి పన్ను మినహాయింపు ఉంటుంది. ట్రస్టు అప్పు తీరుస్తున్నకొద్దీ షేర్లు తాకట్టు నుంచి విడుదలై ఉద్యోగుల ఖాతాల్లో, సాధారణంగా జీతాల నిష్పత్తిలో, పడుతుంటాయి. పై స్థాయి వాళ్లకు మాత్రమే ఇస్తామంటే కుదరదు. మిషను దగ్గర నిలబడేవాడి ఖాతాలో కూడా పడాలి. అతను పైసా కట్టడు. గరిష్ఠంగా ఆరేళ్లలో ఆ ఖాతా పూర్తిగా అతని హక్కు అవుతుంది. పన్ను డబ్బు చేతికొచ్చినప్పుడే. ఇక నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న నిబంధన: షేరు మార్కెట్లో అమ్ముడుపోయే రకం కాకపోతే, స్వతంత్ర నిపుణుడు ఏటా కట్టే విలువకు కంపెనీయే దాన్ని వెనక్కి కొనాలి. అడిగే హక్కు ఉద్యోగిది, కొనాల్సిన బాధ్యత కంపెనీది. ఒకేసారి ఇవ్వలేకపోతే ఐదేళ్ల వాయిదాల్లో ఇవ్వొచ్చు.

పొద్దున లేచి డ్యూటీకి పోయేవాడి బతుకు తెలిసి రాసిన నిబంధనలివి.

మన బొగ్గు ప్రాంతానికి ఇది దూరపు ముచ్చట కాదు. 2010 అక్టోబరులో కోల్ ఇండియా షేర్లను కేంద్రం మార్కెట్‌కి తెచ్చింది. ఇక్కడి మరాఠీ పత్రికలు వేకోలి అని రాసే వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ దాని అనుబంధ సంస్థే. అమ్మిన వాటా 10 శాతం, అందులో పదో వంతు ఉద్యోగులకు కేటాయించారు. షేరు ధర 245 రూపాయలు, ఉద్యోగులకు 5 శాతం తగ్గించి 232 రూపాయల 75 పైసలు. మొత్తం ఇష్యూకి దాదాపు 15 రెట్లు దరఖాస్తులు వచ్చాయి, ఉద్యోగుల కోటాలో మాత్రం చాలా భాగం మిగిలిపోయింది. నవంబరు 4న స్టాక్ మార్కెట్లో లిస్టయిన రోజే షేరు దాదాపు 40 శాతం పెరిగింది.

అది చూసి కార్మికులకు తెలివి లేదన్నవాళ్లు ఉన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. మా బాపు అప్పుడు అండర్‌గ్రౌండ్‌లో ట్రామర్, బొగ్గు తొట్లు నెట్టే పని. నేను ఫారం తెచ్చి కూర్చుంటే ఆయన అడిగిన ప్రశ్న ఇది: "జీతం బాయిదే, క్వార్టరు బాయిదే, పింఛను బాయిదే. ఇగ చేతిల ఉన్న నాలుగు పైసలు గూడ బాయిలనే పెట్టాల్నా?" పెట్టుబడి పాఠాలు చెప్పేవాళ్లు డబ్బు మొత్తం ఒకేచోట పెట్టొద్దని చెప్పేదీ ఇదే కదా. ఇంట్లో చెల్లెలి పెండ్లి ఉంది. సొసైటీ అప్పు ఉంది. యూనియన్లేమో ప్రభుత్వం వాటా అమ్మడాన్నే వ్యతిరేకిస్తున్నాయి. అలాంటి నెలలో, ముందు నగదు కట్టు, తర్వాత లాభం చూడు అంటే ఎంతమంది ముందుకొస్తారు? కట్టగలిగింది ఎక్కువగా ఆఫీసర్లే.

ఆ కోటా షేర్లు సుమారు 6.3 కోట్లు. వాటినే ఒక ట్రస్టు అప్పు మీద కొని, దాదాపు 4 లక్షల మంది ఉద్యోగుల ఖాతాల్లో వేస్తూ వచ్చి ఉంటే? డివిడెండ్లతోనే అప్పు తీరిపోయేదని చెప్పి మభ్యపెట్టను. తొలి రెండేళ్లు షేరుకు ఏటా 10 రూపాయలు మించి డివిడెండ్ రాలేదు, అది వడ్డీకే చాలదు. కంపెనీ తన లాభాల్లోంచి ఏటా కొంత వేయాల్సి వచ్చేది. కానీ అదే కంపెనీ 2014 జనవరిలో షేరుకు 29 రూపాయల డివిడెండ్ ఒక్కసారే ప్రకటించింది, అందులో సింహభాగం ప్రభుత్వ ఖజానాకు వెళ్లింది. అంటే డబ్బు ఉంది. షేరు 2020లో 150 కంటే కిందికి పడింది, 2024లో 500 దాటింది. సొంత సొమ్ము పెట్టినవాడికి ఆ పతనం నిద్ర లేకుండా చేస్తుంది. ట్రస్టు ఖాతాలో ఉన్నవాడు రిటైరయ్యేదాకా ఆగగలడు, ఎందుకంటే అతని ఇంటి ఖర్చు దాని మీద ఆధారపడి లేదు.

బాపు భయం మాత్రం ట్రస్టు పెట్టినా పూర్తిగా పోదు. 1994లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగులు జీతాల్లో కోత ఒప్పుకుని కంపెనీలో 55 శాతం వాటా తీసుకున్నారు. 2002 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది. జీతాలు తగ్గించుకుని కొన్న షేర్లకు విలువ లేకుండా పోయింది. మన రాష్ట్రంలోనే ముంబై కుర్లాలో కమానీ ట్యూబ్స్ ఉండేది. మూతపడ్డ ఆ ఫ్యాక్టరీని కార్మికుల సహకార సంఘానికి అప్పగించే పథకాన్ని 1988లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. కార్మికులు దాన్ని కొన్నేళ్లు గౌరవంగా నడిపారు కూడా. కానీ పాత మిషన్లతో, చాలని వర్కింగ్ క్యాపిటల్‌తో 90లు దాటలేకపోయింది. ఈ రెండు కథల నుంచి నేను తీసుకునే అర్థం ఒకటే. వాటా అనేది జీతానికీ, పీఎఫ్‌కీ అదనంగా రావాలి, వాటి బదులు రాకూడదు. కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్‌లో ఒక్క రూపాయి కూడా ఇలాంటి పథకంలోకి వెళ్లకూడదు. బొగ్గు తవ్వకం తగ్గిననాడు బల్లార్‌పూర్‌లో జీతం, దుకాణం గిరాకీ, ఇంటి ధర, షేరు ధర అన్నీ కలిసే పడతాయి. అమెరికా చట్టం కూడా ఇది గమనించి, 55 ఏళ్లు నిండి పదేళ్లు పథకంలో ఉన్నవాళ్లకు ఖాతాలో కొంత భాగాన్ని వేరే పెట్టుబడులకు మార్చుకునే హక్కు ఇచ్చింది. బొగ్గు పట్టణంలో ఆ హక్కు 55 కంటే ముందే రావాలి. బాయి పనిచేసిన ఒళ్లు అంతకాలం ఆగదు.

మన చట్టంలో దారి అసలు లేదా అంటే ఉంది. ఉద్యోగుల కోసం ట్రస్టు షేర్లు కొనడానికి కంపెనీ డబ్బు ఇవ్వొచ్చని కంపెనీల చట్టం 67వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ లిస్టు కాని కంపెనీల్లో అలా కొనే షేర్ల విలువ చెల్లించిన మూలధనం, ఫ్రీ రిజర్వులు కలిపినదానిలో 5 శాతం మించకూడదు. లిస్టయిన కంపెనీల ట్రస్టులు మార్కెట్లో కొనడానికి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన పరిమితి కూడా మొత్తం మీద 5 శాతమే. పైగా తన దగ్గరున్న షేర్ల మీద ట్రస్టీ ఓటు వేయకూడదని సెబీ నిబంధన. వాటా ఉన్నా నోరు లేదన్నమాట. యూనియన్ నాయకులు ఈ పథకాలను అనుమానించడానికి ఇది చాలా పెద్ద కారణం, వాళ్ల అనుమానం న్యాయమైనదే. కార్మికులు ఎన్నుకున్న ట్రస్టీలు ఉండాలి, వాళ్లకు ఓటు ఉండాలి, ఆ 5 శాతం గీత పైకి జరగాలి.

స్టార్టప్‌ల విషయంలో నా పట్టు రెండింటి మీద. పన్ను అందరికీ అమ్మిన రోజునే పడాలి, సర్టిఫికెట్ ఉన్నా లేకున్నా. లిస్టు కాని కంపెనీ ఆప్షన్లు ఇస్తే, మానేసి వెళ్లే ఉద్యోగి షేర్లను ఆ ఏడాది విలువకు వాయిదాల్లోనైనా వెనక్కి కొనాలి. అలా అయితే చిన్న కంపెనీలు బతకవంటారు. బతకలేని కంపెనీ ఆ పద్దెనిమిది లక్షలను ఆఫర్ లెటర్లో జీతం పక్కన రాయడం మానేయాలి. డబ్బుగా మార్చే బాధ్యత తీసుకోలేనిదాన్ని డబ్బుగా చూపి మనుషుల్ని చేర్చుకోవడం తప్పు. గడ్‌చాందూర్ అమ్మాయిని నేను హెచ్‌ఆర్‌ని నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగమన్నాను: కంపెనీ మొత్తం షేర్లెన్ని, మానేస్తే ఎక్సర్‌సైజ్ గడువెంత, ఇప్పటిదాకా ఎప్పుడైనా వెనక్కి కొన్నారా, పన్ను వాయిదా సర్టిఫికెట్ ఉందా. మొదటి ప్రశ్నకే జవాబు రాలేదు. ఆమె ఆప్షన్లను సున్నాగా లెక్కేసుకుని జీతం దగ్గర బేరమాడింది. మంచి పని చేసింది.

ఇంకొకరి మాట మిగిలింది. సాస్తి వైపు ఓపెన్ కాస్టుల్లో పైమట్టి తీసే డంపర్లు నడిపేవాళ్లలో చాలామంది కాంట్రాక్టరు మనుషులు. లిస్టు కాని కంపెనీల నిబంధనల్లో ఉద్యోగి అంటే పర్మనెంటు ఉద్యోగి. సెబీ 2021లో ఆ మాట తీసేసినా, ఆ కంపెనీకో, దాని గ్రూపుకో మాత్రమే పనిచేసేవాళ్లే అర్హులు. కాంట్రాక్టరు దగ్గర హాజరు పడే డ్రైవరుకు ఏ నిర్వచనంలోనూ చోటు లేదు, బొగ్గు మీది మట్టి మాత్రం అతనే తీస్తాడు. 11వ జాతీయ బొగ్గు వేతన ఒప్పందం 2021 జూలై 1 నుంచి ఐదేళ్లకు కుదిరింది, అంటే 2026 జూన్ 30 దాకా. తర్వాతి ఒప్పందానికి జేబీసీసీఐలో, అంటే యాజమాన్యం, యూనియన్లు కలిసి కూర్చునే బొగ్గు వేతన కమిటీలో, ఉండే యూనియన్లను నేను కోరేది ఇదే: మూలవేతనం, అలవెన్సుల డిమాండ్ల పక్కనే, కంపెనీ ఖర్చుతో నడిచే, కార్మికుల ఓటున్న వాటా ట్రస్టును కూడా పెట్టండి. గనిలో మూడేళ్లు దాటి పనిచేస్తున్న కాంట్రాక్టు మనిషి పేరు కూడా అందులో ఎక్కాలని పట్టుబట్టండి.